మాసేనమ్మ ముక్కు

పొద్దున్నే ప్రయోగశాల తలుపు తీయగానే నూకరత్నం చేసే మొదటి పని, తన తల్లి బతికుందో లేదో చూసుకోవడం.

తల్లి మాసేనమ్మ పోయి రెండేళ్ళయింది. సొంతూరు రాళ్ళరేవులోనే, సముద్రపు ఒడ్డున ఇసకలో పూడ్చారు. అయినా ప్రయోగశాల మూలగదిలో, ఒంటివేడి పెట్టిన ఉక్కు పెట్టెలో, మూతవేసిన గాజుపళ్ళెంలో, ఎర్రటి పోషకద్రవం అడుగున చింతగింజ పొట్టంత పల్చటి పొర ఒకటి ఇంకా బతికే ఉంది. అది మాసేనమ్మ ముక్కు లోపలి పొర. దాని కింద వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలున్నాయి. పొరకు వాసన తగిలితే చాలు, తెర మీద పచ్చటి గీత లేస్తుంది. కుళ్ళిన రొయ్యకు ఒక తీరు గీత, తడిసిన తాటాకుకు ఒక తీరు, డీజిల్‌కు ఒక తీరు.

రత్నం వరండాలోకి ఒకసారి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసి, పళ్ళెం మూత తీసి, దాని మీదకు తల వంచింది. నడినెత్తి పళ్ళేనికి తగిలీ తగలనంత దగ్గరగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఓరకంట తెరను చూసింది. గీత మెల్లగా లేచింది. పైకి వెళ్ళి కాస్త వణికి, అక్కడే ఆగి, దిగడం ఇష్టం లేనట్టు దిగింది.

ఉంది. ఈ రోజుకు ఉంది.

మూత పెట్టేసింది. సరిగ్గా పడిందో లేదోనని మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. చిన్నప్పుడు బజారు నుంచి ఖాళీ గంపతో వచ్చిన తల్లి, కాళ్ళు కూడా కడుక్కోకముందే దగ్గరకు లాక్కుని నడినెత్తిన ముక్కు ఆనించేది. "బళ్ళోకెళ్ళలేదు, జీడితోటల తిరిగినావు" అనేది. అబద్ధం ఆడటానికి ఉండేది కాదు. ఆ ముక్కు అలాంటిది.

ఆ ముక్కును కనిపెట్టింది పరాంకుశం గారు. ఈ ప్రయోగశాల ఆయనదే. పన్నెండేళ్ళ కిందట, రాళ్ళరేవు దగ్గర సముద్రంలో కలిసే నీలాలగెడ్డ అనే ఏటి ఒడ్డున పాతిన చమురు గొట్టం ఒకటి ఎవరికీ తెలియకుండా పగిలింది. ఏ చమురు కంపెనీదో ఆ గొట్టం, అందులోని చమురు నేల కిందనుంచి కారి కారి గెడ్డలో కలిసింది. నీళ్ళ మీద తెట్టు లేదు, రంగు లేదు. మాసేనమ్మ ఒక్కతే ఆ రోజు చేపల బజారులో గంప దించి, ఒక చేప మొప్ప ఎత్తి వాసన చూసి, గంపంతా మురిక్కాలవలో కుమ్మరించేసింది. "కలరా ఉండల వాసనొస్తంది. కొనకండి" అని కొనడానికి వచ్చినవాళ్ళతోనే చెప్పింది. బజారంతా నవ్వింది. ట్రంకు పెట్టెల్లో బట్టలకు పెట్టుకునే కలరా ఉండలు చేప పొట్టలోకి ఎలా వెళ్తాయని అడిగారు.

నవ్వనిది పరాంకుశం గారొక్కరే. కలరా ఉండలు కూడా చమురు కుటుంబానివేనని ఆయనకు తెలుసు. ఆ చేపలను తెచ్చి కోసి చూశారు. గెడ్డమట్టిని తొట్టెలో పరిచి అందులో చేపగుడ్లు పొదిగించారు. పుట్టిన పిల్లలన్నీ వెన్ను వంకరతో, గుండె చుట్టూ నీరు పట్టి, ఈదలేక గుండ్రంగా తిరిగాయి. వాటిని అధికారులకు చూపించి గెడ్డలో చేపల వేట మూయించారు. ఆ తర్వాతే ఆయన మాసేనమ్మను బతిమాలి, ముక్కులోంచి ఆవగింజంత పొర తీసుకుని పళ్ళెంలో పెంచారు. ఇంకా చాలామందివి పెంచి చూశారు, ఏదీ వారం బతకలేదు. మాసేనమ్మది మాత్రం పెరిగింది, రెండయింది, నాలుగయింది.

"నా ముక్కు మీకిచ్చీసినాను, మీ కోటు ఏటి బాబూ, ఇంకా ట్రంకు పెట్టె కంపు కొడతంది" అని ఆవిడ ఆయన్ని ఏడిపించేది. ఇప్పటికీ పరాంకుశం గారు పొద్దున రాగానే "మాసేనమ్మగారు లేచారా" అని అడుగుతారు. ఆ కోటు మాత్రం మళ్ళీ వేసుకోలేదు.

మామూలు వాసనలతో పొరకు పెద్ద ఇబ్బంది లేదు, కాస్త అలుస్తుంది అంతే. మట్టితోనే చిక్కు. చమురులో తేలికైనవి గాలికి ఎగిరిపోతాయి. బరువైనవి నీళ్ళను వదిలి కిందకు దిగి బురదను అంటిపెట్టుకుంటాయి. వాటిని మట్టిలోంచి దించి, చుక్కగా పొర మీద వేయాల్సిందే. గీత వస్తుంది. ఆ తర్వాత ఆ పొర చచ్చిపోతుంది. అలా ఒక్కొక్క గెడ్డకు, ఒక్కొక్క కాలవకు మాసేనమ్మ కొంచెం కొంచెంగా ఖర్చయింది. ఆవిడ పోయాక పొరలు పెరగడం కూడా మానేశాయి. మిగిలింది ఈ ఒక్క పళ్ళెం.

ఆ రోజే కబురు తెలిసింది. అధికారులు నీలాలగెడ్డను మళ్ళీ వేటకు తెరిచారట. నీళ్ళు యంత్రంలో పెట్టి చూశారు, ఏమీ లేదని కాయితం ఇచ్చారు. మట్టినీ చూశారు. యంత్రానికి నేర్పిన విషాల పేర్లేవీ దానికి అందేంతగా కనబడలేదు. పన్నెండేళ్ళ ఎండకు, పురుగులకు, ఉప్పుకు ఆ పేర్లు గలవి వేరే రూపాల్లోకి మారి ఉండొచ్చు. పేరు పెట్టనిదాన్ని యంత్రం ఎలా పట్టుకుంటుంది?

ఎల్లుండి పూర్ణకు మట్టి పెడతారనే మాట కూడా ఆ కబురుతోనే వచ్చింది.

పూర్ణ, రత్నం పిన్ని పైడమ్మ కోడలు. తొలిచూలు, ఏడో నెల. రాళ్ళరేవులో కడుపుతో ఉన్న కోడలిని ఏడో నెలలో గెడ్డలో మోకాలి లోతున నిలబెట్టి, కాలికింది మట్టి తీసి నాలిక మీద చిటికెడు పెడతారు. ఆ రోజు నుంచి కాన్పు దాకా రోజూ చిటికెడు. గెడ్డ తల్లి బిడ్డను గుర్తుపట్టాలని, పెద్దయ్యాక వేటకు వెళ్తే మింగకుండా ఒడ్డుకు చేర్చాలని. గెడ్డ మూసిన్నాళ్ళూ ఆ ముచ్చట ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదటిది పైడమ్మ ఇంట్లోనే.

రత్నం ఆ మధ్యాహ్నమే రాళ్ళరేవు వెళ్ళింది. ఆ గుమ్మం తొక్కి చాలా ఏళ్ళయింది. గెడ్డ మూశాక పైడమ్మ మొగుడు కూలి కోసం గుజరాతు బోట్ల మీదకు పోయి, అక్కడే జ్వరంతో పోయాడు. శవం కూడా రాలేదు. "అక్క ముక్కు నా పసుపూ కుంకం తీసుకుపోయింది" అని పైడమ్మ అందరితో అంది. ఆ మాట తర్వాత అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. మాసేనమ్మ మంచంలో ఉన్న చివరి రోజుల్లో కళ్ళు తెరిచేది కాదు. గుమ్మంలో ఎవరైనా అడుగుపెడితే ముక్కు ఎగబీల్చి, "పైడి కాదు" అని అటు తిరిగి పడుకునేది. పైడమ్మ పూడ్చేరోజు వచ్చింది, దూరంగా నిలబడి వెళ్ళిపోయింది.

"ఏటే గుంటా, దారి తప్పినావా" అంది పైడమ్మ ఆమెను చూసి. కోపంగా ఏమీ లేదు, కూర్చోమని పీట కూడా జరిపింది. రత్నం కూర్చోలేకపోయింది. వసారాలోకి అడుగు పెట్టగానే కళ్ళు మండాయి. బోటు ఇంజను డీజిల్ డబ్బా మూలన వాలి ఉంది, మూతలోంచి కారి నేలంతా తడి. దాని పక్కనే చాపేసుకుని పైడమ్మ తాపీగా వలకు కన్నాలు కుడుతోంది. గోడవార పూర్ణ పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఏమ్మా, ఒంట్లో బాలేదా అని రత్నం అడిగింది.

"డీజిల్ వాసనొదినా. పొద్దున్నుంచి చెప్తన్నాను."

"కడుపుతో ఉన్నోళ్ళకి అన్నీ వాసనలే" అని పైడమ్మ నవ్వింది. "నాకు పోలారావు కడుపులో ఉన్నప్పుడు ఉడుకన్నం కూడా కంపు కొట్టీది."

రత్నం డబ్బా నిలబెట్టి, మూత బిగించింది. వచ్చిన సంగతి చెప్పింది. మట్టి ఇంకా మంచిది కాకపోవచ్చని, యంత్రం అన్నీ పట్టుకోలేదని, బిడ్డ పుట్టేదాకా ఆగమని. పైడమ్మ సూది ఆపకుండానే విన్నది. విని, మీ అమ్మా ఇలాగే అంది అని మొదలుపెట్టి, పన్నెండేళ్ళ సంగతులన్నీ ఒకదాని వెనక ఒకటి తీసింది. పొయ్యి వెలగని రోజులు చెప్పింది. మొగుడిని రైలెక్కించిన రోజు చెప్పింది. అతను కిటికీలోంచి చెయ్యి ఊపలేదట, రెండు చేతులా మూట పట్టుకున్నాడట.

"కాయితం ఇచ్చినారు. మట్టి నేను కూడా పొద్దున్నే వాసన చూసినాను. మట్టి వాసన తప్ప ఏటీ లేదు" అని తేల్చేసింది.

ఇంట్లో పెద్ద ఆడది వాసన చూసి, మంచిదంటేనే నాలిక మీద పెట్టాలి. అది రాళ్ళరేవు కట్టు. ఒకప్పుడు ఊరందరికీ ఆ పని మాసేనమ్మే చేసేది. ఇప్పుడు పైడమ్మ చేసింది.

రత్నం ఒక్క క్షణం డబ్బా వైపు చూసింది. తర్వాత తన చెంగు కొస ఆ నేల తడిలో ముంచి, పిన్నీ కళ్ళు మూసుకో అంది. పైడమ్మ చిన్నపిల్లల ఆటలేటే అంటూనే మూసుకుంది. రత్నం చెంగు కొసను ఆవిడ ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. గోడవారనున్న పూర్ణ మొహం తిప్పేసుకుంది.

"ఏటీ లేదు. గుడ్డ" అంది పైడమ్మ.

కళ్ళు తెరిచింది. రత్నం చెంగు నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆవిడ ఆ చెంగును తన చేత్తో తీసుకుని మళ్ళీ వాసన చూసింది, గట్టిగా, రెండు ముక్కుపుటాలతో. పిండితే చేతికి జిడ్డు అంటింది. ఆ జిడ్డు చేతినీ వాసన చూసుకుంది. పూర్ణ పుట్టిల్లు మెట్ట ఊరు, ఆమె ముక్కుకు ఏమీ కాలేదు. గెడ్డ ఒడ్డున పుట్టి, గెడ్డ గాలే పీల్చినవాళ్ళ ముక్కులకు ఆ వాసన వాసన కాకుండా పోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. పోయినదాన్ని గుర్తుపట్టడానికి కూడా ముక్కే కావాలి కదా.

పైడమ్మ చెంగు వదిలేసింది. "మరెవరు సూస్తారు? పెద్దది లేదు కదా."

"ఉంది పిన్నీ" అంది రత్నం. అనకూడదనుకుంటూనే అనేసింది.

ప్రయోగశాలకు తిరిగొచ్చి పరాంకుశం గారికి చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు. వచ్చే నెల హైదరాబాదు నుంచి ఒకతను వస్తున్నాడు. ఆ పొరను తీసుకెళ్ళి, మళ్ళీ పెరిగేలా చేయగలనని చెప్పాడు. అది జరిగితే ఎన్ని గెడ్డలకో పనికొస్తుంది. ఇప్పుడు వాడితే ఈ ఒక్క గెడ్డకే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయన గుర్తుచేయడం కోసం చెప్పారంతే.

అతనొచ్చేదాకా అది ఉంటుందా అని రత్నం అడిగింది. గీత ఈ మధ్య బలహీనంగా లేస్తోంది.

పరాంకుశం గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "ఏ వాసనకైనా అది కొంచెం అలుస్తుందమ్మా. రోజూ పొద్దున్నే ఒక గీత ఉంటోంది. రెండేళ్ళుగా చూస్తున్నాను. అది ఏ వాసనో నేను అడగలేదు."

రత్నం తల దించుకుంది. అది మీ అమ్మ, నేను చెప్పలేను, నీ ఇష్టం అని ఆయన వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నారు.

మర్నాడు సముద్రం ఆటు తీసి, గెడ్డ నీళ్ళు వెనక్కి పోయే వేళకు పైడమ్మ వచ్చింది. చంకలో గెడ్డమట్టి నింపిన ముంత, దానికి అరిటాకు మూత. జీవితంలో మొదటిసారి ప్రయోగశాల గడప దాటడం, చెప్పులు బయట విడిచింది, చేతులు తుడుచుకుంది. రత్నం పెట్టె తీసి పళ్ళెం చూపించింది. పైడమ్మ వంగి చూసి, నమ్మనట్టు పెదవి విరిచింది.

"అక్క ముక్కంటావు. చేప పొలుసంత లేదు."

రత్నం చాలా మాటలు సిద్ధం చేసుకుంది గానీ ఒక్కటీ పనికిరాలేదు. మూత తీసి, తల వంచమంది. పైడమ్మ ఎందుకని అడగలేదు. నెరిసిన ముడి విప్పుకుని, గంప ఎత్తించుకునేదాని లాగ తల వంచింది.

తెర మీద కాసేపు ఏమీ లేదు. తర్వాత గీత కదిలింది. మెల్లగా లేచింది, రత్నానికి లేచేంత ఎత్తు లేచింది, అక్కడ ఆగలేదు. ఇంకా పైకి వెళ్ళింది. వెళ్ళి వణికి, ఆ వణుకులోనే నిలబడిపోయింది. దిగలేదు. రెండేళ్ళలో ఒక్కనాడు కూడా తనకంత ఎత్తు లేవలేదు. రత్నానికి గుండెలో ముల్లులాంటిదేదో కదిలింది, వెంటనే సిగ్గేసింది. రక్తసంబంధం ఉన్నవాళ్ళ చెమటలో ఒకే రకం వాసనలుంటాయి, అందుకే ఒకే తీరు గీత. పరాంకుశం గారు అడిగితే ఆ మాట చెప్పడానికి సిద్ధంగా ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఆయన అడగలేదు.

వాళ్ళమ్మ బజారుకు పోతే పైడమ్మను చంకనేసుకుని పెంచింది మాసేనమ్మే. పాలవాసన పోని నెత్తి మొదట చూసింది ఆ ముక్కే.

"అదేటి, ఆ పచ్చది" అంది పైడమ్మ తల ఎత్తకుండా.

"నిన్ను వాసన చూస్తోంది పిన్నీ."

పైడమ్మ అలాగే వంగి ఉంది. నడుం నొప్పి పుట్టేదాకా ఉంది. చివరకు లేచి పళ్ళెం వైపు చూసి, మాట్లాడుద్దా అని అడిగింది. మాట్లాడదు, వాసన చూస్తుంది అంతే అని రత్నం చెప్పింది.

"ముందూ అంతే. మాట తక్కువ" అంది పైడమ్మ. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు, కారనిచ్చింది.

మట్టిచుక్క వేస్తే ఈ పొర ఇక ఉండదని రత్నం అప్పుడు చెప్పింది. పైడమ్మ ముంతను వెనక్కి లాక్కుంది.

"అయితే వొద్దు. పూర్ణకి మట్టి పెట్టను. ఒట్టు. దీన్నిలాగే ఉంచు. నేను రోజూ వొస్తాను."

రత్నం చెయ్యి తనకు తెలియకుండానే మూత మీదకు వెళ్ళింది. ఇంతకన్నా తేలిక ఏముంది. పూర్ణ గండం గట్టెక్కింది. పళ్ళెం ఉంటుంది. ఇద్దరూ పొద్దున్నే వచ్చి తలలు వంచుకుంటారు. కిటికీలోంచి గెడ్డ కనబడుతోంది. ఆటు తీసిన బురదలో అప్పుడే ఆడవాళ్ళు దిగారు, పాదాలతో తొక్కి తొక్కి గుల్లలు పైకి తీస్తున్నారు. పన్నెండేళ్ళుగా అడుగున పడుకున్నది వాళ్ళ కాళ్ళ కింద మళ్ళీ లేస్తోంది. నీళ్ళు పాలలాగా మసకబారుతున్నాయి. పూర్ణ తర్వాత మట్టి పెట్టాల్సిన కోడళ్ళు ఇంకా ఉన్నారు. ఆ గుల్లలు రేపు బజారుకు వెళ్తాయి, ఎవరింట్లోనో చంటిపిల్లల కంచాల్లోకి.

పైడమ్మ కూడా అటే చూస్తోంది.

"ఆ రోజు అక్క గంప కుమ్మరిస్తంటే అంచు పట్టుకుని లాగినాను" అంది. "గోరు విరిగింది. ఎంత లాగినా ఆగలేదది."

ముంత బల్ల మీద పెట్టి, అరిటాకు తీసేసింది. "నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

మట్టిని ద్రవంలో కలిపి, గిరగిరా తిప్పి, పైతేట దించడానికి కొంతసేపు పట్టింది. ఆ పనంతా రత్నం చేసింది. అలవాటైన పనే, అయినా రెండుసార్లు గొట్టం జారింది. చుక్క వేసేటప్పుడు మాత్రం పైడమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆపడానికి కాదు, తోడు. ఇద్దరి చేతుల కింద చుక్క ఎర్రటి ద్రవంలోకి జారింది.

గీత కోత రంపంలా లేచింది. పన్నెండేళ్ళ కిందటి గీతే. రత్నానికి నిద్రలో కూడా తెలిసిన గీత. కానీ అది అక్కడ ఆగలేదు, ఆ రంపం మీద ఇంకో రంపం మొలిచింది. దానికి పేరు లేదు, ఏ యంత్రానికీ నేర్పలేదు. కొంచెం సేపు తెర పైఅంచు దాకా కొట్టుకుంది. ఆ తర్వాత ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. గెడ్డ మీద గాలి ఆగినప్పటి నీళ్ళలా చదునైపోయింది.

రత్నం ఎదురు చూసింది. పళ్ళెం మీదకు తల వంచింది. ఏమీ లేవలేదు. మరోసారి వంచింది.

"ఏటంది అక్క?" అని అడిగింది పైడమ్మ.

"కలరా ఉండలంది. ఇంకా ఏదో అంది, అది నాకు అర్థం కాలేదు."

పరాంకుశం గారు వచ్చి ఉక్కు పెట్టె మీట తిప్పేశారు. ఎప్పుడూ వినబడుతూ ఉండే చిన్న రొద ఆగింది. అంతకాలం అది మోగుతోందని ఆగాకే తెలిసింది. గీతను కాయితం మీదకు ఎక్కించి, గెడ్డ తెరిచినవాళ్ళకు తనే తీసుకెళ్తానని చెప్పారు. వాళ్ళు నమ్మేదాకా ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నారు.

పైడమ్మ చెప్పులేసుకుంది. ముంత అక్కడే వదిలేసింది. ముందు బురదలో ఉన్నవాళ్ళను పైకి లాగుతానంది. కాయితం సంగతి తనకు తెలియదని, అక్క వాసన చూసి వద్దందని చెప్తే రాళ్ళరేవు వింటుందని అంది. పన్నెండేళ్ళు తిట్టినదాన్ని నేనే చెప్తే ఇంకా వింటారంది. పూర్ణకు నాలిక మీద ఉప్పుకల్లు పెడుతుందట. అదీ సముద్రం పెట్టిందే కదా.

గడప దాటబోయి వెనక్కి వచ్చింది. రత్నం మెడ వెనక చెయ్యేసి దగ్గరకు లాక్కుని, నడినెత్తిన ముక్కు ఆనించి చాలాసేపు ఎగబీల్చింది.

"ఏం వాసన పిన్నీ?"

"తెల్దే" అంది పైడమ్మ. "వెచ్చగా ఉంది."

వదలకుండా మళ్ళీ ఎగబీల్చింది.